ఇప్పుడు మాట్లాడమంటున్నారు

ఈ సంచిక మీ చేతికి అందేసరికి క్యాట్ ఫలితాలు వచ్చి ఉంటాయి. మన ఇళ్ళలో, హాస్టళ్ళలో కొందరు అమ్మాయిలు ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల ఇంటర్వ్యూల కాలం. రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలకి ఇది రెండో గడప.

హక్కుల పత్రికలో బిజినెస్ స్కూలు ఇంటర్వ్యూల మీద సంపాదకీయం ఏమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. కూలి రేట్లు, గృహహింస, అంగన్‌వాడీ కార్యకర్తల జీతాలు – ఇన్ని ఉండగా ఇరవై లక్షలు దాటిన ఫీజులు కట్టే చదువు గోల మనకెందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంటర్వ్యూ, గ్రూప్ డిస్కషన్ అనే ఈ రెండు జల్లెడలూ ఐ.ఐ.ఎం.ల గోడల లోపలే ఆగిపోలేదు. ఇంజనీరింగ్ కాలేజీల క్యాంపస్ ఎంపికల్లో, బ్యాంకు ఆఫీసర్ల నియామకాల్లో, డిజైన్ సంస్థల్లో, ప్రైవేటు కంపెనీల చిన్నాచితకా ఉద్యోగాల్లో కూడా ఇవే రకరకాల పేర్లతో ఎదురవుతున్నాయి. రాతపరీక్షలో మగపిల్లలతో సమానంగా మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఈ గదిలోకి వెళ్ళి ఎందుకు వెనక్కి వస్తోంది అన్నది మన ప్రశ్న కాకపోతే ఇంకెవరి ప్రశ్న?

ఆడపిల్లకి మనం ఇరవై ఏళ్ళపాటు ఏం నేర్పామో ఒకసారి గుర్తుచేసుకుందాం. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో కలగజేసుకోకు. ఎదురు చెప్పకు. మగవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడకు. గట్టిగా నవ్వకు. నీ గురించి నువ్వు గొప్పగా చెప్పుకోకు, పదిమందీ చెప్పాలి. చుట్టాలు వస్తే మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపో. మాట్లాడితే గయ్యాళి, మాట్లాడకపోతే ముంగి. ఇరవై ఒకటో ఏట ఆ పిల్లని ముగ్గురు అపరిచితుల ముందు కూర్చోబెట్టి, ఇరవై నిమిషాల్లో ఇవన్నీ తలకిందులుగా చెయ్యమంటున్నారు. కళ్ళలోకి చూడు, అభిప్రాయం చెప్పు, అది తప్పని మేమంటే ఒప్పుకోకుండా వాదించు, నీలో ఉన్న గొప్ప ఏమిటో నీ నోటితోనే చెప్పు. ఇది చెయ్యగలిగితే దానికి పేరు 'లీడర్‌షిప్'. చెయ్యలేకపోతే 'కాన్ఫిడెన్స్ లేదు'.

ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త పియర్ బోర్దియూ ఈ సంగతినే ఇంకో వైపు నుంచి చూశాడు. ఇంట్లో పెంపకం ద్వారా ఒంటబట్టిన మాట తీరు, కూర్చునే తీరు, అభిరుచి – వీటిని బడి 'సహజమైన తెలివి'గా గుర్తించి మార్కులు వేస్తుందని ఆయన వాదన. ఆయన ప్రధానంగా వర్గం గురించి మాట్లాడాడు. మన దగ్గర దానికి కులాన్నీ, ఇంగ్లీషునీ, ఆడపుట్టుకనీ కలపాలి. తండ్రి భోజనాల బల్ల దగ్గర బడ్జెట్ గురించి చర్చించే ఇంట్లో పుట్టిన అబ్బాయికి గ్రూప్ డిస్కషన్ అంటే ఇంట్లో మాట్లాడినట్టే ఉంటుంది. మగవాళ్ళు తిన్నాక వంటింట్లో తల్లితో కలిసి తినే పిల్లకి అది పరాయి దేశం.

గడప దగ్గర ఆడవాళ్ళని నిలబెట్టి ప్రశ్నించడం కొత్తేమీ కాదు. 1951లో ఐ.ఎ.ఎస్.కి ఎంపికైన అన్నా రాజమ్‌ని ఇంటర్వ్యూ బోర్డు, ఆడవాళ్ళకి తగినవి అంటూ ఫారిన్ సర్వీసూ, ఇతర కేంద్ర సర్వీసులూ తీసుకోమంది. ఆమె ఒప్పుకోలేదు, వాదించి ఐ.ఎ.ఎస్.లోనే చేరింది. పెళ్ళయితే ఉద్యోగం పోతుందన్న షరతు ఆమె నియామక పత్రంలో ఉంది. అంతకు రెండేళ్ళ ముందు, 1949లో, ఫారిన్ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మనేమో ఆ ఫారిన్ సర్వీసు వద్దని ఇంటర్వ్యూ బోర్డు వెనక్కి లాగాలని చూసింది. అంటే ఆడది ఏది అడిగితే అది కాక మిగిలినవన్నీ ఆమెకి తగినవన్నమాట! ముత్తమ్మ తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పెళ్ళికి ప్రభుత్వ అనుమతి కావాలనే ఫారిన్ సర్వీసు నిబంధనలని 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు గట్టిగా తప్పుపట్టింది.

మన తెలుగు ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత కథ ఇంకాస్త ముందుది. 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, చేతిలో నెలల పాప. 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకుంది. దేశంలో ఇంజనీరింగ్ పట్టా పొందిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. ఈ కథ చెప్పుకుని గర్వపడుతూ మనం ఒక వివరం దాటేస్తుంటాం. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ప్రొఫెసరు. కూతురి కోసం ప్రిన్సిపాల్ చాకోతో మాట్లాడింది ఆయనే. లలిత ప్రతిభ ఇందువల్ల తగ్గిపోదు. కానీ తలుపు తెరుచుకోవడానికి లోపలివాళ్ళతో మాట్లాడగల ఒక తండ్రి కావలసి వచ్చాడు. ఆ కాలంలో అలాంటి తండ్రి లేని లలితలు ఎందరో మనకి ఎప్పటికీ తెలియదు.

ఇంటర్వ్యూ మార్కులు ఎంత ఉండాలన్నది చాలామంది రుచికి సంబంధించిన విషయం అనుకుంటారు. కాదు, అది రాజ్యాంగానికి సంబంధించినది కూడా. శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ 1979-80 విద్యాసంవత్సరానికి రాతపరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50 మార్కులు పెట్టింది. రాతలో మంచి మార్కులు వచ్చినవాళ్ళకి ఇంటర్వ్యూలో అడుగంటాయి, రాతలో వెనకబడ్డవాళ్ళకి ఇంటర్వ్యూలో పొంగిపొర్లాయి. ఒక్కొక్కరిని లోపల ఉంచింది రెండు మూడు నిమిషాలు. అడిగింది ఎక్కువగా తల్లిదండ్రుల గురించీ, ఊరి గురించీ. అజయ్ హాసియా కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1980 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మొత్తంలో మూడోవంతు మార్కులు ఇంటర్వ్యూకి ఉంచడం ఏకపక్షం, సమానత్వ హక్కుకి విరుద్ధం అని చెప్పింది. కాలేజీ ప్రవేశాల్లో ఇంటర్వ్యూకి 15 శాతం మించకూడదంది. ఇంటర్వ్యూలని టేపు రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది.

తర్వాతి తీర్పులు ఈ 15 శాతాన్ని అందరికీ ఒకేలా వర్తింపజెయ్యలేదు. వయసు వచ్చిన, వ్యక్తిత్వం రూపుదిద్దుకున్న అభ్యర్థుల విషయంలో ఎక్కువ ఉండవచ్చన్నాయి. ఇవాళ కొన్ని ఐ.ఐ.ఎం.లలో తుది ఎంపికలో ఇంటర్వ్యూ బరువు క్యాట్ స్కోరు కంటే ఎక్కువ. మేనేజరు కాబోయేవాళ్ళని చూసి, మాట్లాడి తీసుకోవద్దా అంటారు. తీసుకోండి. మనం అడిగేది, ఆ మార్కు దేనికి వేశారో చెప్పమని. మాట తీరుకా, విషయ జ్ఞానానికా, పెంపకానికా? పాతకాలపు టేపు రికార్డరు సూచనని ఇన్నేళ్ళలో ఎన్ని సంస్థలు మనసుకి పట్టించుకున్నాయి? ప్రతి చేతిలో కెమెరా ఉన్న కాలంలో కూడా ఆ గదిలో ఏం జరిగిందో అభ్యర్థి చెప్పుకుంటే తప్ప బయటికి తెలియడం లేదు.

ఇక గ్రూప్ డిస్కషన్. ఎనిమిదిమందో పదిమందో పిల్లలని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక విషయం ఇచ్చి, పదిహేను నిమిషాలు మాట్లాడుకోమంటారు. పక్కన కూర్చున్నవాళ్ళు మార్కులు వేస్తుంటారు. చర్చ అని పేరే గాని ఇది చేపల మార్కెట్‌లా మారుతుందని దానిలో కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. (చేపల మార్కెట్‌లో అమ్మే ఆడవాళ్ళు మాత్రం ఒకరి బేరంలో ఇంకొకరు వేలు పెట్టరు. ఈ పోలిక వాళ్ళకి అవమానం.) 1975లో అమెరికాలో జిమ్మర్‌మన్, వెస్ట్ అనే పరిశోధకులు పదకొండు స్త్రీ-పురుష జంటల సంభాషణలు రికార్డు చేసి చూస్తే ఒకరి మాటకి ఒకరు అడ్డుపడిన సందర్భాలు 48 తేలాయి. అందులో 46 మగవాళ్ళవి. చిన్న అధ్యయనమే, ఏది అడ్డుపడటం, ఏది అందుకోవడం అన్న దాని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. అయినా ఆ అంకె విని ఆశ్చర్యపోయిన ఆడవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

ఇంతకంటే పనికొచ్చే పరిశోధన 2012లో వచ్చింది. కార్పోవిట్జ్, మెండెల్‌బర్గ్, షేకర్ అనేవాళ్ళు ఐదుగురేసి సభ్యుల గుంపులతో చర్చలు జరిపించారు. ఆడవాళ్ళు తక్కువమంది ఉండి, మెజారిటీ ఓటుతో నిర్ణయం తీసుకునే గుంపుల్లో ఆడవాళ్ళు తమ వాటా కంటే బాగా తక్కువ మాట్లాడారు. ఆడవాళ్ళ సంఖ్య పెరిగినా, లేదా అందరూ ఏకాభిప్రాయానికి రావాలన్న నియమం పెట్టినా ఆ తేడా తగ్గిపోయింది. అంటే మౌనం ఆడదాని స్వభావంలో లేదు, గుంపుని కూర్చిన తీరులో, ఆట నియమంలో ఉంది. పదిమందిలో ఒక్క అమ్మాయిని కూర్చోబెట్టి 'చొరవ లేదు' అని రాసుకునే పరీక్షకుడు కొలుస్తున్నది ఆ అమ్మాయినా, తాను వేసిన కుర్చీలనా?

2010 తర్వాత ఐ.ఐ.ఎం.లు చాలావరకు గ్రూప్ డిస్కషన్ మానేసి, దాని స్థానంలో చిన్న వ్యాసం రాయించడం మొదలుపెట్టాయి. ఇందులో మేలుంది. కాగితం మీద మన వాక్యాన్ని మధ్యలో ఎవరూ తుంచలేరు. ఇంగ్లీషు మీడియం పిల్లకీ, తెలుగు మీడియం పిల్లకీ మధ్య దూరం మాత్రం అలాగే ఉంది. పైగా అనేక ఇతర సంస్థల్లో, క్యాంపస్ ఎంపికల్లో గ్రూప్ డిస్కషన్ ఇంకా నడుస్తూనే ఉంది కనుక దాని నుంచి పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు.

మరి తయారవడం ఎలా? అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో 'పర్సనాలిటీ డెవలప్‌మెంట్' బోర్డులకి కొదవ లేదు. అక్కడ చెప్పేవన్నీ దండగ అనను. కానీ వాళ్ళ పాఠాల సారం ఎక్కువసార్లు, మగపిల్లాడిలా మాట్లాడు, కాకపోతే కాస్త నవ్వుతూ మాట్లాడు, అని తేలుతుంది. వేలకి వేలు పోసి ఇది కొనుక్కోవాలా? ఒక వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో అమ్మాయిలు తమంతట తామే పెట్టుకున్న చర్చల్లో నేను కొన్ని సాయంత్రాలు కూర్చున్నాను. ఆరుగురు, ఒక గోడ గడియారం, ఒక నోటుపుస్తకం. ఒకమ్మాయి మాట్లాడకుండా, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎవరి మాట ఎవరు తుంచారు అని గీతలు పెట్టేది. మొదటి రోజు ఒక పిల్ల పేరు పక్కన ఒక్క గీతా లేదు. ఆమె ఏమీ తెలియనిది కాదు, మద్దతు ధర విషయంలో వాళ్ళందరికంటే ఎక్కువ తెలిసినది. వాళ్ళ ఇంట్లో పత్తి పండిస్తారు. 'అందరూ అయ్యాక చెబుదామనుకున్నానండీ' అంది. ఆ 'అందరూ అయ్యాక' అనేది గ్రూప్ డిస్కషన్‌లో ఎప్పటికీ రాదు.

వాళ్ళు కనిపెట్టుకున్న కిటుకులు చాలా సాదావి. మొదటి రెండు నిమిషాల్లోనే ఒక్క వాక్యమైనా చెప్పెయ్యాలి, ఆలస్యమైన కొద్దీ గొంతు పూడుకుపోతుంది. ఎవరైనా మాట తుంచితే ఆగిపోకుండా, గొంతు పెంచకుండా, 'నా మాట పూర్తి చేస్తాను' అని మొదలుపెట్టిన వాక్యాన్నే పూర్తిచెయ్యాలి. పక్కమ్మాయి మాట కొట్టుకుపోతే 'ఆమె చెప్పినది పూర్తిగా విందాం' అని వెనక్కి తీసుకురావాలి. ఈ చివరిది నాకు చాలా నచ్చింది. పోటీలో ఉన్న పిల్లకి సాయం చెయ్యడం తెలివితక్కువ అని కోచింగ్ మాస్టారు అనవచ్చు. గుంపుని నడిపించడం అంటే అదే కదా! అంకెలు, ఉదాహరణలు పట్టుకుని మాట్లాడటం, రోజూ ఒక సంపాదకీయం చదివి దాన్ని వ్యతిరేకిస్తూ ఐదు వాక్యాలు చెప్పడం – ఇవన్నీ మామూలే, చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు. మూడు వారాలకి ఆ పత్తి రైతు కూతురి పేరు పక్కన గీతలు పట్టే జాగా చాలలేదు. పక్కవాళ్ళ మాట తుంచుతున్నావని మిగతావాళ్ళు ఆమెని కోప్పడ్డారు కూడా.

ఇంటర్వ్యూకి వేరే సాధన కావాలి. దరఖాస్తులో మనం రాసిన ప్రతి మాట మీదా ప్రశ్న వస్తుంది, కనుక రాసింది మనదే అయి ఉండాలి. డిగ్రీలో చదివిన సబ్జెక్టు, సొంత జిల్లా, అక్కడి పంటలు, పరిశ్రమలు, మధ్యలో ఏదైనా సంవత్సరం ఖాళీగా ఉంటే దానికి కారణం – ఇవి తప్పకుండా అడుగుతారు. ఆడపిల్లలకి ఆ ఖాళీ సంవత్సరం తరచుగా తల్లి జబ్బు వల్లో, తమ్ముడి చదువు వల్లో, కుదిరి తప్పిపోయిన పెళ్ళి వల్లో వచ్చి ఉంటుంది. సిగ్గుపడి దాచిపెట్టి అల్లే అబద్ధం కంటే, 'ఆ ఏడాది ఇల్లు నడిపాను, ఖర్చులూ ఆసుపత్రీ నేనే చూశాను' అన్న నిజం బరువైనది. అది కూడా మేనేజ్‌మెంటే. తెలియని ప్రశ్నకి 'తెలియదు' అనడానికి భయపడనక్కరలేదు. దుస్తుల గురించి అమ్మాయిలని అనవసరంగా బెదరగొడుతున్నారు. చీరైనా, సల్వార్ కమీజైనా, ప్యాంటూ కోటైనా, మూడు గంటలు వరండాలో కూర్చోగలిగేది వేసుకుంటే చాలు.

అసలు చిక్కు వేరే ప్రశ్నలతో. 'పెళ్ళెప్పుడు?' 'పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తే ఈ సీటు వృథా కాదా?' 'మీవాళ్ళు వేరే ఊరు పంపిస్తారా?' ఇవి అబ్బాయిలని అడగరు. ఒత్తిడిని తట్టుకోవడం చూస్తున్నామని సమర్థించుకునే బోర్డులు కూడా ఉన్నాయి. లెక్క తప్పని నిలదీస్తే అది ఒత్తిడి, ఆడపుట్టుకని నిలదీస్తే అది వివక్ష. రాజ్యాంగం 15వ అధికరణ లింగాన్ని బట్టి వివక్ష కూడదంటోంది. 1993లో మన దేశం ఆమోదించిన సీడా ఒప్పందం 10వ అధికరణ, వృత్తి విద్యలో ప్రవేశానికి స్త్రీపురుషులకి ఒకే పరిస్థితులు ఉండాలంటోంది. అయినా ఆ కుర్చీలో కూర్చున్న ఒంటరి పిల్లని అక్కడికక్కడ పోరాడమని నేను చెప్పను. ఆ సీటు ఆమెకి కావాలి. 'పెళ్ళి గురించి ఇంకా నిర్ణయించుకోలేదు. ఈ రెండేళ్ళ చదువు పూర్తిచెయ్యాలని మాత్రం నిర్ణయించుకున్నాను' అని చెప్పి, నిమ్మళంగా తన పని విషయంలోకి మాట మళ్ళించడం చాలు. పోరాడవలసినది బయట ఉన్న మనం.

కులం సంగతి వేరే చెప్పాలా? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష గురించి 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీకి, మౌఖిక పరీక్షల్లో తమ కులం ఏమిటో ఆరా తీస్తారని విద్యార్థులు చెప్పారు. 'మీ పూర్తి పేరు?' 'నాన్నగారు ఏం చేస్తారు?' అన్న మర్యాదైన ప్రశ్నల వెనక ఏముందో మనకి తెలుసు. దళిత అమ్మాయికి ఈ రెండు ఆరాలూ కలిసే ఎదురవుతాయి.

నియమం మారిస్తే ఫలితం మారుతుందనడానికి దూరం వెళ్ళనక్కరలేదు. ఐ.ఐ.ఎం. కోళికోడ్ ఎంపికలో అమ్మాయిలకి అదనపు పాయింట్లు ఇచ్చినప్పుడు, 2013లో చేరిన బ్యాచిలో 54 శాతం అమ్మాయిలే అయ్యారు. మెరిట్ మంటగలిసిందని గోల చేసినవాళ్ళు, అంతకుముందు ఏళ్ళ తరబడి క్లాసు నిండా మగ ఇంజనీర్లే ఉన్నప్పుడు దాన్ని సహజం అనుకున్నవాళ్ళే. ఉద్యోగాల్లో ఇదే పని 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసింది, స్త్రీలకి 30 శాతం ప్రాధాన్యం ఇస్తూ. 1995లో సుప్రీంకోర్టు విజయకుమార్ కేసులో దాన్ని 15(3) అధికరణ కింద సమర్థించింది.

ఇంతా చేసి సీటు వచ్చాక ఇంకో ఇంటర్వ్యూ ఇంట్లో జరుగుతుంది. అంత అప్పు ఆడపిల్ల మీద ఎందుకు, ఆ డబ్బుతో పెళ్ళి చెయ్యవచ్చు కదా అని. మొదటి రెండు ఐ.ఐ.ఎం.లు, కలకత్తా, అహ్మదాబాద్, 1961లో మొదలయ్యాయి. వరకట్న నిషేధ చట్టం కూడా 1961దే. ఒక్క ఏడాదే పుట్టిన ఈ పిల్లల్లో ఎవరు ఏపుగా పెరిగారో, ఎవరు చిక్కిపోయారో మన కళ్ళముందే ఉంది. దానికితోడు, ఇంటర్వ్యూ బెంగుళూరులోనో చెన్నైలోనో అయితే రాత్రి బస్సుకి తోడు ఎవరు అన్న ప్రశ్న. తోడు దొరక్క ఇంటర్వ్యూకే వెళ్ళని పిల్లల లెక్క ఏ సంస్థ దగ్గరా ఉండదు. వాళ్ళ రికార్డులో 'గైర్హాజరు' అనే ఉంటుంది. ఊళ్ళలో మన సంఘ సభ్యులు చెయ్యగల పని ఇక్కడ ఉంది. ఒకే ఊరు వెళ్ళవలసిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలని కలపడం, ఆ ఊళ్ళో ఒక రాత్రి ఉండటానికి ఇల్లు చూపించడం.

ఈ కాలంలో ఇంటర్వ్యూలకి వెళ్ళే అమ్మాయిలని ఒకటి కోరుతున్నాం. గది నుంచి బయటికి రాగానే, మరిచిపోకముందే, అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాసిపెట్టుకోండి. ఎంతసేపు ఉంచారు, బోర్డులో ఆడవాళ్ళు ఎందరు, మీ గ్రూపులో అమ్మాయిలు ఎందరు, పెళ్ళి గురించీ కులం గురించీ ఏ మాటల్లో అడిగారు అన్నవి కూడా. ప్రభుత్వ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీ ఇంటర్వ్యూ మార్కులు మీరు అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తు రాయడంలో సాయం కావాలంటే మా కార్యాలయానికి రండి. మీరు రాసినవి మాకు పంపండి, పేర్లు వెయ్యం. తగినన్ని చేరాక వాటిని ఆయా సంస్థల డైరెక్టర్లకీ, మహిళా కమిషన్‌కీ పంపుతాం. సీటు రానివాళ్ళే కాదు, వచ్చినవాళ్ళు కూడా రాయండి. ఇంటర్వ్యూకి వెళ్ళలేకపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళలేకపోయారో రాయండి.